ముగ్గుతో కట్టిన ఇల్లు

మామ పోయారని అత్త ఫోను చేసినప్పుడు బయట సన్నగా వాన పడుతోంది. "మీ మామ లేడు పాపా. పొద్దున కాఫీ తాగినాడు, లోటా కింద పెట్టినాడు, అంతే" అంది. ఏడవలేదు. "రోడ్డంతా నీళ్ళుంటాయి, నిదానంగా రా" అని పెట్టేసింది. నేను ఫోను పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయాను. వాననీళ్ళు ఎదురింటి మెట్ల పక్క నుంచి వాటం చూసుకుంటూ పోతున్నాయి. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడటం నాకు నేర్పింది ఆయనే.

ఆయన నాకు చుట్టం కాదు. తొంభైల మొదట్లో పెళ్ళి చేసుకుని గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి, ఒక వఠారంలో అద్దెకు దిగాం. ఒకే ప్రహరీలో వరసగా నాలుగైదు వాటాలు, అందరికీ కలిపి ఒకటే కుళాయి. పక్క వాటాలో మామ, అత్త. పిల్లల్లేరు. మా ఆయన పొద్దున వైట్‌ఫీల్డ్‌లో కంపెనీకి పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. నాకు కన్నడం రాదు. తరాల కిందటే ఈ ఊళ్ళో స్థిరపడిన వాళ్ళ తెలుగు కూడా మొదట్లో సగమే అర్థమయ్యేది. "ఏం పాపా, నీ తెలుగు రేడియోలో వార్తలు చదివినట్టు ఉండాదే" అని మామ ఆటపట్టించేవారు. "మీ తెలుగుకి పక్కన ఒకరు నిలబడి అర్థం చెప్పాలి మామా" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు.

మామ ఇంట్లో ఉన్నారో లేదో తెలియాలంటే పిలిచి అడగక్కర్లేదు. గడప బయట ఆయన తోలు చెప్పులు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. జతగా, గోడకి సమంగా విడిచేవారు. ఒక ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం ఆయనది. ఏళ్ళ తరబడి గీతలు గీసి గీసి, చివరికి చెప్పులు కూడా వంకరగా విడవలేని మనిషి అయ్యారు. ఎవరి కొత్తింటి గృహప్రవేశానికి వెళ్ళినా భోజనం కంటే ముందు డాబా ఎక్కి, చెంబెడు నీళ్ళు ఒలకబోసి, అవి ఎటు పారతాయో చూసేవారు. చూసి ఊరుకుంటే బాగుండేది. "ఆ మూల నీళ్ళు నిలస్తా ఉండాయప్పా" అని పట్టుబట్టల్లో ఉన్న ఇంటాయనకి చెప్పేవారు. అత్త ఆయన మోచేతి మీద గిల్లేది. మామ వస్తున్నారంటే చెంబులు దాచేసే ఇళ్ళు కూడా ఉండేవి.

ఇంతకీ ఆయనకి సొంతిల్లు లేదు. ఇల్లు కట్టుకోడానికి సైటు మాత్రం ఉండేది. మహదేవపుర అవతల, రింగు రోడ్డు పనులు ఇంకా నడుస్తున్న రోజుల్లో, కొత్తగా వేసిన లేఅవుట్‌లో చిట్టచివరి వరసలో కొన్నారు. దాని పక్క నుంచే చిత్తడి నేల మొదలు. పైనుంచి వాననీళ్ళు మోసుకొచ్చే రాజకాలువ అక్కడ జమ్ము మధ్యన వెడల్పుగా పరుచుకుని, కాసేపు ఆగి, దిగువన ఉన్న నేతపనివాళ్ళ కాలనీ పక్కగా చెరువులోకి దిగేది. కొన్నది మంచి ఎండాకాలంలో. నేల గట్టిగా, పొడిగా, పగుళ్ళిచ్చి ఉంది. ఎవరు చూసినా అక్కడ ఇల్లు లేస్తుందనే అనుకుంటారు.

ఆదివారం సాయంత్రాలు వాళ్ళు ఆటో కట్టించుకుని అక్కడికి పోయేవారు. నన్నూ రమ్మనేవారు. ఒకసారి అత్త ఇంట్లోంచి ముగ్గు తెచ్చింది. మామ తాడు పట్టుకుని కొలతలు చెబుతుంటే, ఆవిడ వంగి, వేళ్ళ సందులోంచి ముగ్గు జారుస్తూ ఇల్లు గీసింది. హాలు, వంటిల్లు, పడకగది, దేవుడి గది, ముందు వరండా. వరండాలో మామ పడక్కుర్చీ వేసుకునే చోట ఒక చిన్న చుక్కల ముగ్గు కూడా పెట్టింది. నేను చూసుకోకుండా గీత దాటి లోపలికి రాబోయాను.

"అయ్యో, గోడలో నుంచి వస్తా ఉండావేం పాపా!" అని అరిచింది అత్త. "వాకిలి ఆ పక్క ఉండాది!"

వెనక్కి వెళ్ళి, వాకిలి అని ముగ్గు ఆపిన చోట నుంచి లోపలికి వచ్చాను. మామ అప్పటికే చెప్పులు గీత బయట విడిచి వచ్చారు. హాల్లో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగాం. గాలికి జమ్ము కదులుతోంది. మామ నన్ను వంటింటి కిటికీ దగ్గరికి రమ్మన్నారు. "ఇక్కడ నుంచి చూడు. చెరువు కనపడతా ఉండాదా?" వంగి చూశాను. కనబడింది. ఏ కిటికీ లేని గాలిలో వంగి చూడటం నాకేమీ వింతగా అనిపించలేదు. దూరంగా కాలనీలో మగ్గం చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. పొద్దు గుంకుతుంటే ముగ్గురం గొంతులు తగ్గించి మాట్లాడుకున్నాం, పక్కింటివాళ్ళకి వినపడుతుందేమో అన్నట్టు. నా జీవితంలో అంత నెమ్మదైన ఇంట్లో మళ్ళీ కూర్చోలేదు.

ఆ తర్వాత మొదటి పెద్ద వాన పడింది. మర్నాడు వెళ్ళి చూస్తే ముగ్గు లేదు. సైటు రాళ్ళు మాత్రం మూలల్లో తలలు పైకెత్తి ఉన్నాయి. మధ్యలో తేటగా, కదలకుండా నీళ్ళు. రెండు బుడుబుంగ పిట్టలు వంటింట్లో మునిగి హాల్లో తేలుతున్నాయి. నాకు నవ్వొచ్చింది గానీ అత్త మొహం చూసి ఆపుకున్నాను.

"నాలుగు లారీల మట్టి పోయిద్దాం. అందరూ పోస్తా ఉండారు కదా" అంది అత్త.

"పోస్తే మనం పైకి వస్తాం," అన్నారు మామ, నీళ్ళనే చూస్తూ. "ఇవి యాడికి పోతాయి?"

ఆ ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. ఆ నీళ్ళ వెంబడే నడుచుకుంటూ కాలనీకి దిగారు. వెనకాలే నేనూ. దొడ్డబళ్ళాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అవి. ఒకావిడ గుంటమగ్గం మీద పని చేస్తోంది. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. మామ వంగి గుంటలోకి చూశారు. పొడిగా ఉంది.

"రాత్రి అంత వానకి కూడా ఇక్కడికి రాలేదా తల్లీ?" అని అడిగారు.

"మీ పక్క జమ్ములో నిలిచినన్నాళ్ళు మాకు ఏమీ రాదు సామీ. పైన ఎవురన్నా మట్టి పోసినారంటే మొదట తడిసేది ఈ గుంటే" అని, ఆవిడ మళ్ళీ పనిలో పడింది.

 తిరిగొచ్చాక వఠారం గేటు దగ్గర మామ, "నీళ్ళు కూర్చోడానికి ఒక తావు ఉండాల పాపా" అన్నారు. నాకు అప్పుడు అది మామూలు మాటే అనిపించింది.

చెరువు దగ్గర ఎవరు ఏం కట్టాలన్నా, మోరీ తవ్వాలన్నా, ముందు ప్లాను తెచ్చి లేఅవుట్ సంఘానికి చూపించి అభిప్రాయం అడగాలని మామ చాలాకాలం ఆఫీసుల చుట్టూ తిరిగి ఒప్పించారు. అందుకోసం ఒక చిన్న కమిటీ, దానికి ఆయనే పెద్ద. నన్నూ లాగారు. "నాకు వీటి గురించి ఏం తెలుసు మామా?" అంటే, "నీకు నోరుంది కదా, అది చాలు" అన్నారు. కమిటీలో ఆయన పెట్టిన పద్ధతి ఒక్కటే. ఆ చోటికి నడిచి వెళ్ళి చూడకుండా ఎవరూ అభిప్రాయం చెప్పకూడదు. "కాగితం మీద మనం గీత యాడికి గీస్తే నీళ్ళు ఆడికి పోతాయి. నేల మీద పోవు" అనేవారు. ఒక హోటలు వాళ్ళ గోడ, ఒక అపార్టుమెంటు మోరీ, ఇలాంటివి చాలా చూశాం. కొన్ని మారాయి. కొన్ని మేము కాదన్నా లేచాయి.

రెండు వేల సంవత్సరం దాటాక అసలు ప్లాను ప్రభుత్వం నుంచి వచ్చింది. రాజకాలువని సన్నం చేసి, సిమెంటు మోరీలో బిగించి, తిన్నగా చెరువులోకి పంపడం. చిత్తడి నేలంతా మట్టి పోసి చదును చేయడం. చివరి వరస సైట్లన్నీ ఆరిపోతాయి. మామ ఇల్లు లేస్తుంది. మా వఠారంలో ఈ కబురు విని అత్త ఆ రోజు పాయసం చేసి నాకూ ఒక గిన్నె పంపింది.

గణపతి పండగకి పందిరి వేసే షెడ్డులో మీటింగు. చివరి వరస వాళ్ళందరూ వచ్చారు. కుర్ర ఇంజినీరు బల్ల మీద ప్లాను పరిచాడు. మామ దాని మీద వేలు పెట్టి, "ముందు ఒక మాట. ఈ గీత పక్కన ఉండే ఈ సైటు నాది. ఇది కడితే నాకు మేలు. అది మనసులో పెట్టుకుని నా మాట వినండప్పా" అన్నారు. తర్వాత, కాలువని వెడల్పుగా అట్లే వదలాలని, చిత్తడి నేలలో తట్టెడు మట్టి కూడా పోయకూడదని, పోస్తే నీళ్ళు ఆగే చోటు లేక మొత్తం కాలనీ మీద పడతాయని చెప్పారు. గొంతు పెంచలేదు.

షెడ్డంతా ఒక్కసారి లేచింది. "మీ ఇల్లు మీరు ముంచుకోండి సార్! మా ఇండ్లు ఎందుకు ముంచుతారు?" అని ఒకాయన కుర్చీ తన్నేసి నిలబడ్డాడు. ఆయన తప్పు కూడా నాకు కనబడలేదు. ఆయనా అప్పు చేసి కొన్నవాడే. ఇంకొకాయన వెనక వరసలో కూర్చున్న అత్త వైపు తిరిగి, "అమ్మా, మీరైనా చెప్పండి ఆయనకి. మీకు ఇల్లు వద్దా?" అన్నాడు.

అందరూ ఆవిడని చూశారు. నేనూ చూశాను. చెప్పు అత్తా, ఇల్లు కావాలని చెప్పు, అని లోపల మొత్తుకుంటున్నాను. కమిటీ మనిషినే, కాలనీలో మగ్గం గుంట నా కళ్ళతో చూసిన మనిషినే. అయినా ఆ క్షణంలో నాకు ఆవిడ ఇల్లే కావాలి.

అత్త లేచి కొంగు భుజం నిండా కప్పుకుంది. "ఆ ఇల్లు గీసింది నేను. దాంట్లో నీళ్ళు నిలిచింది చూసింది కూడా నేనే. ఆయన చెప్పింది నిజమే" అని కూర్చుంది.

మామ తల వంచుకున్నారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

ప్లాను వెంటనే మారలేదు. ఎవరెవరో వచ్చి చూశారు, నడిచారు, కొలిచారు. చివరికి ఆ ముక్క వరకు కాలువని తెరిచి, రెండు పక్కలా రాళ్ళు పేర్చి వదిలేశారు. చివరి వరస రద్దయింది. వేరే చోట సైట్లు ఇస్తామన్నారు. అన్నారు, అంతే. లేఅవుట్‌లో కొందరు మామ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవారు. అత్త మీటింగులో అంత మాట చెప్పిందా, ఇంటికొచ్చాక ఆయనతో మాట్లాడటం మానేసింది. లోటా ఠప్పున పెట్టేది. మామ ఆ చప్పుడుకి ఉలిక్కిపడి, తాగేవారు. నేను మాత్రం ఊరుకోలేదు. "అందరికీ తావు చూపించారు, మా అత్తకి ఏం చూపించారు మామా?" అని మొహం మీదే అడిగాను. ఆయన, "ఏమీ లేదు పాపా" అన్నారు. ఆ జవాబు మీద నాకు కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆయన మీద ప్రేమ కూడా అక్కడి నుంచే మొదలైందనుకుంటాను.

మళ్ళీ వానలు పడ్డ తర్వాత ఒక ఆదివారం అత్తే ఫ్లాస్కులో కాఫీ పోసింది. "పద, మన ఇంట్లో ఎవురు దిగినారో చూసొద్దాం" అంది. ఆ రోజు నుంచి అది వాళ్ళ అలవాటయింది. మేము వఠారం వదిలి అపార్టుమెంటుకి మారాక కూడా అప్పుడప్పుడు వాళ్ళతో వెళ్ళేదాన్ని. గట్టు మీద కూర్చుని, అద్దెకి దిగిన వాళ్ళ కబుర్లు చెప్పుకునేవారు. "పడకగదిలో కొంగ వచ్చి ఉండాది చూడు." "దేవుడి గదిలో కప్పలు. పొద్దస్తమానం భజనే." కాలనీ నుంచి మగ్గం చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చేది. మామ మాట మధ్యలో ఆపి ఆ చప్పుడు వినేవారు. ఒక ఏడు కుండపోత వాన పడి, ఊళ్ళో చాలాచోట్ల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఆ మర్నాడు గట్టు మీదికి వెళ్ళేసరికి మగ్గం ఆడుతూనే ఉంది.  మామ కాఫీ రెండోసారి పోయించుకున్నారు.

మామ చివరిదాకా అద్దె వాటాలోనే ఉన్నారు. అక్కడి నుంచే వెళ్ళిపోయారు.

కర్మలన్నీ అయ్యాక అత్త నన్ను సైటు దగ్గరికి తీసుకుపొమ్మంది. చేతిలో ఒక గుడ్డ సంచి. చినుకులు ఆగి, ఆకాశం ఇంకా తేటపడని సాయంత్రం. చుట్టూ అద్దాల కంపెనీలు లేచాయి. మధ్యలో ఆ చిత్తడి నేల అట్లాగే ఉంది. సైటు రాళ్ళ కొసలు నీళ్ళ పైన కొంచెం కనబడుతున్నాయి. వరండాలో, మామ పడక్కుర్చీ కోసం చుక్కల ముగ్గు పెట్టిన చోట, ఒక తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

నేను తిన్నగా గట్టు దిగబోతే అత్త నా చెయ్యి పట్టి ఆపింది. "అటు కాదు పాపా" అంది. మూల రాయి చూసుకుని, దాని పక్కగా నెమ్మదిగా నడిచి, ఒక చోట ఆగింది. అక్కడే వాకిలి. సంచిలోంచి మామ తోలు చెప్పులు తీసింది. వంగి, గట్టు అంచున, నీళ్ళ ఇవతల, వాటిని పక్కపక్కన పెట్టింది. ఒకటి కొంచెం వంకరగా ఉంటే సరిచేసింది.

కొంగ ఎగిరిపోలేదు. గాలికి నీళ్ళు హాలంతా సన్నగా కదిలాయి. దిగువన ఎక్కడో మగ్గం మొదలైంది. చాలాసేపు నిలబడి, ఇంక వెళ్దామని బయల్దేరినప్పుడు, గేటు వేసినట్టుగా అత్త చెయ్యి ఒకసారి గాలిలో కదిలింది. రోడ్డెక్కాక వెనక్కి తిరిగి చూశాను. వాకిటి ముందు చెప్పులు ఉన్నాయి.