బావ నుదుటి మీద బో

డిసెంబరు మూడో శనివారం, సాయంత్రం. దువ్వాడలో మా ఇంటి ముందు గది. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా అక్క, బావ. బావ తలను విడిగా రాయాలి. ఆ సాయంత్రం పనంతా దానితోనే.

మా అక్కకు లంబసింగి మంచు చూడాలని ఎప్పటినుంచో కోరిక. బావ పోర్టులో పనిచేసినన్నాళ్ళూ శీతాకాలం వచ్చేసరికి ఏదో ఒక షిఫ్టు అడ్డు పడేది. రిటైరయ్యాక చెవి అడ్డు పడింది. ఈ ఏడు ఎడమ చెవికి ఆపరేషన్ అయింది. చలిగాలి తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెవులు మూసే ఏర్పాటు ఉంటేనే ప్రయాణం, లేకపోతే లేదు అని అక్కే తీర్మానించింది. కారు మర్నాడు తెల్లవారకముందే వస్తుంది.

మంకీ క్యాప్ పెట్టుకుంటే బావ ఊపిరి పైకి తన్ని కళ్ళద్దాలు మసకబారతాయి. "మంచు సూడ్డానికెల్లి అద్దాల మీద మంచు సూసొచ్చేత్తానేటి?" అన్నాడు. మఫ్లర్ చుడితే చెవుల మీద నిలవకుండా మెడలోకి జారుతుంది. అందుకని తల చుట్టూ పట్టీలా ఉండే ఊలు బ్యాండు అల్లే పని నేను తీసుకున్నాను.

క్రోషియా నాకు రిటైరయ్యాకే పట్టుకుంది. మా ఆవిడ ఫోనులో వీడియోలు చూసి మొదలుపెట్టి, బొటనవేలు నొప్పని మధ్యలో ఆపేసింది. సగం పని కళ్ళెదుట పడి ఉంటే ఊరుకోలేక కొక్కెం సూది నేనందుకున్నాను. ఊలు చుట్టి లాగడం, చుట్టి లాగడం, గొలుసు చేయడం, దాని మీద ఇంకో వరుస. ఉక్కు ఫ్యాక్టరీలో కడ్డీల కొలతలు తనిఖీ చేసిన చేతికి ఇది హాయిగానే ఉంటుంది.

బావ తలను టేపుతో కొలిచి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. ఇంట్లో ఉన్న ఊలు కనకాంబరం రంగుది ఒక్కటే. వారమంతా అల్లి, ఆ సాయంత్రం అందరి ముందూ బావ తలకు తొడిగాను. అది నుదురు దాటి, కళ్ళద్దాలు దాటి, ముక్కు దాటి మెడలో దండలా పడింది.

"సన్మానమేటి బావా?" అన్నాడు బావ. నన్నూ బావా అనే పిలుస్తాడు.

కొలత తప్పలేదనీ, కొంత ఎక్కువ కలిపాననీ చెప్పాను.

"ఎందుకు కలిపావ్?" అంది అక్క.

"చల్లారాక కుంచించుకుంటుంది కదా."

ఎర్రగా ఉన్న కడ్డీ చల్లారితే పొట్టిదవుతుంది, ఆ తేడా ముందే కలుపుకోవాలి. ఉద్యోగమంతా నేను చూసింది అదే. ఊలు కొత్తది కాబట్టి ఇంకాస్త ఉదారంగానే కలిపాను. ఊలు సాగుతుందే తప్ప చల్లారదని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"ఇనపకడ్డీ అనుకున్నావేట్రా తమ్ముడా, నా మొగుడి తల?" అని అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అయితే రేపు ఎల్లడం లేనట్టేనా?" అంది.

విప్పి మళ్ళీ అల్లే వ్యవధి లేదు. మా ఆవిడ ముందుకొచ్చి, ఎక్కువైన భాగాన్ని ఒకచోట ఒడిసిపట్టి, నడుమ ఊలుతో బిగించి కట్టింది. బ్యాండు తలకు చక్కగా సరిపోయింది. ఎక్కువైన ఊలు మాత్రం రెండు రెక్కలుగా విచ్చుకుని, చిన్నపిల్లల జడ రిబ్బనులా పెద్ద బో అయి కూర్చుంది.

"ఇది తీసియ్యమ్మా," అన్నాడు బావ.

"తీస్తే మళ్ళీ మెళ్ళో పడిపోద్ది అన్నయ్యా. బిగువంతా దాంట్లోనే ఉంది."

బో ఎటువైపు ఉండాలన్నది వరుసగా పరీక్షించాం. ఎడమకు తిప్పితే ఆపరేషన్ చెవిని నొక్కుతోంది. కుడికి తిప్పితే వినిపించే ఒక్క చెవీ మూసుకుపోయింది. "ఎలాగుంది?" అని అక్క అడిగితే "నాలుక్కే, కారొచ్చేత్తాది" అన్నాడు. వెనక్కి తిప్పితే కారు సీటుకు తల ఆనదు. ఇక మిగిలింది నుదురు. "ముందు వైపు ఖరారు. బావ ఒప్పుకోలేదు" అని డైరీలో రాశాను.

బావ జెట్టీ మీద నిలబడి క్రేన్లకు చేతి సిగ్నళ్ళు ఇచ్చిన మనిషి. "నాను సెయ్యెత్తితే క్రేను ఆగిపోయేది బావా. ఈ ఏసంతో సెయ్యెత్తితే ఆటో కూడా ఆగదు," అన్నాడు.

అక్క రేపటికని బయట పెట్టుకున్న స్వెట్టరు మడిచి మళ్ళీ సంచిలో పెట్టబోయింది. బావ అది చూశాడు.

"సర్లే. మంచులో నన్నెవుడు సూత్తాడు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న లంబసింగిలో ఎవరికీ ఎవరూ కనిపించలేదు. అక్క చేతిలో టీ గ్లాసు అక్కకే కనిపించలేదు. ఆ తెల్లదనంలో కనిపిస్తున్నది కనకాంబరం రంగు బో ఒక్కటే. మేం ముగ్గురం దాని వెనకాలే నడిచాం. కాసేపటికి మా వెనక ఎవరో దగ్గారు. వాళ్ళ వెనక ఇంకెవరో, "ఆ రిబ్బను ఎనకాలే రండ్రా" అన్నారు. అచ్యుతాపురం ఫ్యాక్టరీ నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన కుర్రాళ్ళట. గైడు గుర్తు కోసం పెట్టుకున్నాడనుకున్నారు.

"గైడు గారూ, సూర్యుడు ఎటేపొత్తాడు?"

బావ నడుం నిటారుగా చేసి, జెట్టీ మీద నిలబడినట్టే నిలబడి, చెయ్యి చాపాడు. వరుసంతా అటు తిరిగింది. నాలుగడుగులు వేశాక అరచెయ్యి పైకెత్తి, "ఆగండాగండి! అంచొచ్చేసింది!" అని అరిచాడు. అందరూ ఆగారు.

ఎండ తగిలి మా చుట్టూ మంచు విడిపోయింది. కింద లోయలో మాత్రం కదలకుండా పడుకునే ఉంది. పైకి కొండల తలలే కనిపిస్తున్నాయి. బావ తల కూడా ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది. కుర్రాళ్ళు గొల్లున నవ్వి సెల్ఫీలకు ఫోన్లు ఎత్తారు. బావ చెయ్యి బో మీదకు వెళ్ళింది.

అక్క లోయకేసే చూస్తోంది. తల తిప్పకుండానే, "ఇంకాసేపుందామా?" అంది.

బావ చెయ్యి దించేశాడు.

"గైడు గారూ, టిఫిను ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు ఒక కుర్రాడు.

"ఆగు," అన్నాడు బావ. "ఆవిడ సూడ్డం అవనీ, సెప్తాను."