అంగీ విప్పని కసరత్తు

1988 ఆగస్టు 16, మంగళవారం. సిరిసిల్ల. సాయంత్రానికి ముసురు తెరిపి ఇచ్చింది. రేపు నాగుల పంచమి.

తాలీంలో హాజరైనవారు: ఉస్తాదు. సాంచెలు నడిపే పహిల్వాన్లు నలుగురు. కల్లుకు తాళ్ళెక్కే అన్నదమ్ములు ఇద్దరు. నేను.

పిలవకుండా వచ్చినవారు: ఎస్సై, హెడ్డు, తుపాకులతో జవాన్లు. ఎందరో లెక్కపెట్టలేదు.

విషయం:

డైరీ రాయడంలో నాదొక పద్ధతి. ముందు తేదీ, తర్వాత వాతావరణం, ఆ తర్వాత హాజరైనవారు, చివర విషయం. చేనేత సహకార సంఘంలో గుమస్తాగా మీటింగుల తీర్మానాలు రాసీ రాసీ పట్టుకున్న అలవాటు. ఆ రోజు పేజీలో మాత్రం 'విషయం' పక్కన ఏమీ లేదు. హాజరైనవారి దాకా రాసి పుస్తకం మూసేశాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తీరిక దొరకలేదని చెప్పుకున్నాను. రిటైరయ్యాక ఆ సాకు కూడా లేకుండా పోయింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను సిరిసిల్ల వాణ్ణి కాదు. మాది కోరుట్ల. మా నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని బతుకంతా నేశాడు. నూలు దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోయాడు. ఆయన ఆస్తిలో నా వాటాకు ఆ దగ్గే వచ్చింది. జగిత్యాలలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, నెలల తరబడి మందులు మింగించి నన్ను నిలబెట్టాడు. చివరిసారి వెళ్ళినప్పుడు నా రొమ్ము మీద వేళ్ళతో తట్టి చూశాడు.

"నా పని అయిపోయింది. ఇగ నీ పని ఉన్నది. దినాం కసరత్తు చెయ్. ఊపిరి లోపలిదాక గుంజు. చెయ్యకపోతే మల్ల నా తానికే వస్తవ్. అప్పుడు నేను గిట్ల నవ్వుకుంట మాట్లాడ."

దగ్గు పోయింది కానీ ఒళ్ళు రాలేదు. ఇరవై ఏడేళ్ళ వయసులో నా ప్రక్కటెముకలు వీధి అవతలి నుంచి లెక్కపెట్టుకోవడానికి వీలుగా ఉండేవి. స్నానానికి కూడా బనీనుతోనే కూర్చునేవాణ్ణి. తలుపు వేసుకున్న తర్వాత చూసేదెవరు అంటే, నేను చూస్తాను కదా.

నేను అద్దెకున్న వీధి చివర ఒక తాలీం ఉండేది. ఇప్పటివాళ్ళు జిమ్ము అంటారు. రేకుల షెడ్డు, మధ్యలో నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేసిన ఎర్రమట్టి గోదా, గోడకు ఆంజనేయుడి పటం, మూలన గదలు. ఎదురుగోడకు ఏదో మంగలి దుకాణం ఎత్తేస్తుంటే కొనుక్కొచ్చిన నిలువుటద్దం. అద్దంలో కండలు చూసుకోవడం అక్కడ గర్వం కిందికి రాదు. ఏ భుజం వంగిందో, ఏ మోకాలు పక్కకు పోయిందో చూసుకుని దిద్దుకోవాలి. నేను మొదటి రోజు చేసిన కసరత్తల్లా అద్దంలో పడని చోటు వెతుక్కోవడం. తలుపు వెనక, చెప్పులు విడిచే దగ్గర అది దొరికింది.

ఉస్తాదు అరవై దాటిన మనిషి. మెడ, తల ఒకే మందం. "సారు ఆఫీసు మనిషి, సిగ్గువడుతుండు. మెల్లెగ అలవాటైతది," అని మొదట్లో నన్ను వదిలేశాడు. చెప్పుల మధ్య పూర్తి చేతుల అంగీతో నేను దండీలు తీస్తుంటే, వచ్చేవాళ్ళు నన్ను దాటుకుని లోపలికి పోయేవారు.

"సారూ, ఎట్లాగు గాన్నే ఉంటరు గద, నా చెప్పులు జెర చూడుండ్రి. కొత్తయి," అనేవాడు ఒక పహిల్వాను. సాంచె అంటే మా దగ్గర మరమగ్గం. పొద్దంతా సాంచెల మధ్య నిలబడి వచ్చి, మళ్ళీ గద ఎత్తి అగ్గిపుల్ల తిప్పినట్టు తిప్పేవాడు. అతని భుజాల వంక చూడకూడదని ఎంత అనుకున్నా చూపు అక్కడికే పోయేది.

సన్నగా ఉన్న సంగతి బయటపడకూడదంటే అంగీ ఒంటికి అంటుకోకూడదు. దీనికి నాకొక ఉపాయం తట్టింది. నేతింట్లో పుట్టనివాడికి అది తట్టదు. పడుగు పోగులు తెగకుండా గట్టిపడాలని మేము వాటికి గంజి పట్టిస్తాం. గంజి పట్టిన పోగు పుల్లలా నిలుస్తుంది. పోగు నిలిచినప్పుడు అంగీ నిలవదా? నేను ఉంటున్న ఇంటి అవ్వకు పడుగులకు గంజి పెట్టడంలో ఊళ్ళో పేరుంది. రెండు బనీన్లు, ఒక అంగీ తీసుకెళ్ళి ఇచ్చాను.

"గింత చిక్కటి గంజి అంగీకెందుకు కొడుకా?" అంది అవ్వ. "ఆరినంక దండెం మీదికెల్లి తీస్తే, నువ్వు లేకున్నా గదే ఆఫీసుకు పోతది."

"పోనియ్యవ్వా. నాకు సెలవు మిగుల్తది."

మొదట బ్రహ్మాండంగా ఉంది. నాకంటే నాలుగు వేళ్ళు బయటికి నిలబడి నా అంగీ నాకు జోడీగా దండీలు తీసింది. తర్వాత చెమట పట్టింది. తడి తగిలితే గంజి ఏమవుతుందో నాకు తెలియక కాదు. వానాకాలంలో పడుగు తడిసినప్పుడు మా నాయన తిట్టిన తిట్లు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. అయినా ఆ శాస్త్రం నూలుకు వర్తిస్తుందే తప్ప నాకు వర్తించదనుకున్నాను. గంజి కరిగింది. మూడు పొరలూ కలిసి ఒంటికి అతుక్కుని, ఏ ఎముక ఎక్కడుందో గీత గీసి మరీ చూపించాయి. పైన ఈగలు.

"ఏంది సారూ, పడుగు తడిసిందా?" అన్నాడు చెప్పుల పహిల్వాను. తాలీమంతా నవ్వింది. నేను చెప్పులేసుకుని ఇంటికి పోయాను.

ఆ తర్వాత గంజి మానేసి పొరలు పెంచాను. రెండు బనీన్లు, వాటి మీద పొట్టి చేతుల అంగీ, దాని మీద పూర్తి చేతుల అంగీ. ఆషాఢం ఉక్కపోతలో ఇన్ని గుడ్డలు బిగించుకున్నవాడు ఊపిరి లోపలిదాకా గుంజడం ఎలాగో ఆ డాక్టరు చెప్పలేదు. నేను పైపైనే పీల్చి పైపైనే వదిలేవాణ్ణి. వారం తిరిగేసరికి దగ్గు, సన్నగా, మళ్ళీ మొదలైంది.

ఉస్తాదు ఆ దగ్గు విన్నాడు. సోమవారం నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, ఎల్లుండి పంచమి. పొద్దుగాల గోదకు పూజ. గా మట్టి నెత్తికి, రొమ్ముకు రాసుకోవాలె. అంగీతోని ఎవ్వడు గోదల కాలు వెట్టడు. మా ఉస్తాదు నాటి రివాజు. అంగీ తీస్తనంటే రా."

"తీయకపోతే?"

"తీయకపోతే ఇగ రాకు. చెప్పుల కాడ నిలవడ్డందుకు నీ దగ్గు తగ్గుతదా? గుడ్డల కింద కసరత్తు చేస్తే గుడ్డలే బలుస్తయి."

రాత్రంతా ఆలోచించి రాకూడదనే నిర్ణయించుకున్నాను. దగ్గు నన్ను ఎప్పుడో చంపుతుంది. నలుగురి ముందు అంగీ విప్పితే అప్పుడే చస్తాను. ఎప్పుడో చావడం మేలనిపించింది. మంగళవారం సాయంత్రం నేను తాలీంకు వెళ్ళింది ఆ మాట చెప్పి రావడానికే. అయినా అలవాటుగా నాలుగు పొరలూ వేసుకునే వెళ్ళాను.

ఆ రోజుల్లో అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు, మధ్యలో మేము. ఎల్లారెడ్డిపేట నుంచో బోయినపల్లి నుంచో సంఘానికి పని మీద వచ్చినవాళ్ళు, దారిలో తమను ఎవరు ఆపారో, ఏమడిగారో చెప్పుకున్నాకే నూలు సంగతి ఎత్తేవారు. అలాంటి కాలంలో వయసు కుర్రాళ్ళు రెండు పూటలా ఒక షెడ్డులో చేరి కండలు పెంచుతున్నారంటే ఎవరికో ఒకరికి అనుమానం రావాలి. అప్పటిదాకా రాకపోవడమే వింత.

జీపు ఆగిన చప్పుడు వినేలోపే తలుపు నిండా మనుషులు. ఎస్సై కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. అడవిలో తర్ఫీదు పొందినవాణ్ణి ఒంటి మీద గుర్తులను బట్టి పట్టవచ్చని అతనికి ఎవరో నేర్పారు. నేల మీద పాకితే మోచేతులు కాయలు కాస్తాయట. బరువులు మోస్తే భుజాల మీద ఒరిపిడి పడుతుందట. ఆ లెక్కన కుస్తీ పట్టేవాళ్ళలో నిర్దోషి ఒక్కడూ ఉండడు. కానీ అతని కళ్ళు ముందు వాళ్ళ మీద పడలేదు.

"ఏయ్, తలుపు వెనక! ఇలా రా. అందరూ లంగోటాలతో ఉంటే నువ్వేంటి ఇన్ని కప్పుకున్నావు? లోపల ఏం దాచావ్?"

"ఏం లేదు సార్."

"ఏం లేకపోతే విప్పు."

నేను కదలలేదు. ఒక జవాను తుపాకీ నా వైపు తిప్పాడు. ప్రాణం తీపి అంటారు. ఆ క్షణంలో నేను నిజంగానే తుపాకీని, నా ప్రక్కటెముకల్ని తక్కెడ రెండు పళ్ళాల్లో వేసి తూచాను. ముల్లు ఎటూ మొగ్గలేదు.

"గాయన సొసైటీల క్లర్కు సార్. సిగ్గు జెర ఎక్కువ," అన్నాడు ఉస్తాదు.

"సిగ్గున్నవాడు తాలీంకి ఎందుకొచ్చాడు?"

హెడ్డు మా ప్రాంతపు మనిషి. నా పక్కకు జరిగి, "తీసెయ్ నాయనా, తీసెయ్. అంగీ కోసం సత్తవా?" అన్నాడు గొంతు తగ్గించి.

అంగీ విప్పాను. కింద ఇంకో అంగీ. అదీ విప్పాను. కింద బనీను. జవాన్లు ఒక అడుగు వెనక్కి వేశారు. ఇన్నింటి కింద దాచింది చిన్న వస్తువు కాదని వాళ్ళకు నమ్మకం కలిగింది. ఆ బనీను తీస్తే ఇంకో బనీను. అదీ తల మీంచి లాగేశాను.

ఎస్సై టార్చి వేసి నన్ను మెడ నుంచి నడుము దాకా చూశాడు. మోచేతులు తిప్పి చూశాడు. భుజాలు తడిమాడు. కష్టం చేసినట్టు నా ఒంటి మీద దొరికిన ఒకే ఒక్క గుర్తు వేలి మీది సిరా మరక.

"దీనికా ఇంత కథ?" అని హెడ్డు వైపు తిరిగాడు. "వీణ్ణి వాళ్ళూ చేర్చుకోరు, మనమూ చేర్చుకోం. పక్కన నిలబెట్టు."

జవాన్లు నవ్వారు. చెప్పుల పహిల్వాను అంత భయంలోనూ ముక్కుతో నవ్వాడు. ఇన్నేళ్ళూ నేను భయపడింది సరిగ్గా ఆ నవ్వుకే. అది షెడ్డంతా ఒక చుట్టు తిరిగి తలుపులోంచి బయటికి పోయింది. నేను మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాను. కాస్త చల్లగాలి తగులుతోంది.

తర్వాత అసలువాళ్ళ వంతు.

"భుజం మీద ఈ కమిలిందేంటి?"

"గద సార్."

"మోచేతులు?"

"మట్టి సార్."

తాళ్ళెక్కే అన్నదమ్ముల్లో పెద్దవాడి రొమ్ము మీద గీరుకుపోయిన చారలున్నాయి. "ఇవి?"

"తాటిచెట్టు సార్."

"చెట్టెక్కి ఏం చూస్తుంటారు?"

"కల్లు సార్."

ఎస్సైకి నవ్వు రాలేదు. ఆరుగురి పేర్లూ రాయించాడు. పిలిచినప్పుడల్లా ఠాణాకు వచ్చి కనబడాలన్నాడు. చివరికి ఉస్తాదు ముందు ఆగి, "ఈ వయసులో ఈ ఒళ్ళేంటయ్యా?" అని ఆ పేరూ రాయించాడు. ఉస్తాదును అంతగా మెచ్చుకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. సంతోషపడే స్థితిలో ఆయన లేడు. నా పేరు అడిగినవాళ్ళు లేరు.

బట్టలు చేతిలో పట్టుకుని, ఒక్క బనీనుతో వీధిలో నడిచి వచ్చాను. అవ్వ గడపలోనే ఉంది.

"ఏమైంది కొడుకా, అంగీలన్ని చేతుల వట్టుకొని వస్తున్నవ్?"

"పోలీసోళ్ళు ఇప్పి చూసిండ్రవ్వా."

"ఏం దొర్కింది?"

"ఏం దొర్కలే."

"నీ తాన దొర్కుటానికి ఏమున్నది? పో, కాళ్ళు కడుక్కొని అన్నం తిను."

అన్నం తింటుంటే గుర్తొచ్చింది. రేపటి నుంచి రానని ఉస్తాదుకు చెప్పడం మర్చిపోయాను.

పంచమి పొద్దున ఒక్క అంగీ వేసుకుని తాలీంకు వెళ్ళాను. చూడవలసినవాళ్ళందరూ చూసేశారు. ఇక నాలుగు గుడ్డలు ఉతుక్కోవడం దండగ. లోపల అడుగుపెట్టి చూస్తే చెప్పుల దగ్గర నిలబడడానికి చోటు లేదు. పహిల్వాన్లు నలుగురూ మెడ దాకా గుండీలు పెట్టుకుని, పూర్తి చేతుల అంగీలతో తలుపు వెనక ఒదిగి ఉన్నారు. తాళ్ళెక్కే అన్నదమ్ములు గొంగళ్ళు కప్పుకుని వచ్చారు. ఉస్తాదు ఒంటి మీద తెల్లటి లాల్చీ. అద్దం ముందు ఒక్క మనిషి లేడు. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా అందరి భుజాలూ ఒక్కసారే కుంచించుకుంటున్నాయి.

ఉస్తాదు కొబ్బరికాయ కొట్టాడు. గోదా వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"రివాజు రివాజే. అంగీ తీసినోడే దిగాలె," అన్నాడు. తన లాల్చీ మాత్రం ముట్టుకోలేదు. "ఎవలు దిగుతరు?"

ఎవరూ కదలలేదు. పంచమి నాడు గోదా ఉత్తగా ఉండకూడదు.

నేను అంగీ తీసి మేకుకు తగిలించి దిగాను. ఉస్తాదు పిడికెడు మట్టి తీసి నా నెత్తికి, రొమ్ముకు రాశాడు. రాసేటప్పుడు ఆయన వేళ్ళు ఎముకల మీద గతుకుల బాట మీద బండి పోయినట్టు పోయాయి. మట్టి చల్లగా ఉంది. దండీలు మొదలుపెట్టాను. ఊపిరి కడుపు దాకా పోయింది. మధ్యలో దగ్గొచ్చింది, ఆగి, మళ్ళీ తీశాను.

కాసేపటికి వెనక గుండీలు విప్పుకుంటున్న చప్పుడు. చెప్పుల పహిల్వాను అంగీ సగం తీసి, వీధి కిటికీ వంక భయంగా చూస్తూ గోదా ఒడ్డున నిలబడ్డాడు.

"సారూ," అన్నాడు మెల్లగా. "జెర గా కిటికీకి అడ్డం నిలవడుండ్రి. నేను కనవడకుంట."

లేచి వెళ్ళి కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. అతను గద ఎత్తాడు.