కెప్టెన్ జోసెఫ్ అసలు సంగతి

2014లో నేను ఎడిన్‌బర్గ్‌లో వంశచరిత్రలు వెతికిపెట్టే పని చేస్తుండేదాన్ని. ఆ ఫిబ్రవరిలో వాట్‌ఫర్డ్ నుంచి సుధాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఫోన్ చేశాడు. అనంతపురం అతను. భార్య హెలెన్ ఇంగ్లీషమ్మాయి. ఆమె పూర్వీకుడు జోసెఫ్ పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి ఓడ కెప్టెన్‌గా వచ్చి ఎడిన్‌బర్గ్ రేవులో స్థిరపడ్డాడట. ఆయన గురించి, కుటుంబం గురించి రిపోర్టు కావాలన్నాడు.

"హెలెన్‌కి చెప్పొద్దక్కా. మా మామకి అసలే తెలీగూడదు," అన్నాడు. తర్వాత, "ఆ జోసెఫ్ గురించి చెడ్డది ఏమన్నా దొరుకుతాదా?" అని అడిగాడు.

పూర్వీకుల గొప్ప వెతకమనేవాళ్లే గాని, చెడు వెతకమన్నవాళ్లు అంతవరకు తగల్లేదు. అల్లుడు ఏదో పగ మీద ఉన్నాడనుకున్నాను. అయినా పని ఒప్పుకున్నాను.

మా పనిలో ప్రైమరీ సోర్స్ ముఖ్యం. అంటే సంఘటన జరిగినప్పుడే రాసిన రికార్డు. ఎడిన్‌బర్గ్ పెళ్లి రిజిస్టరులో జోసెఫ్ వృత్తి ఓడలో వంటవాడు. సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టాడు. పెళ్లికాని వాడినని చెప్పుకున్నాడు. తల్లి పుట్టింటి పేరు అరుదైనది. ఆ పేరు పట్టుకుని వెతికితే అమెరికాలో అతని మొదటి పెళ్లి దొరికింది. తల్లిదండ్రుల పేర్లు, వయసు, పుట్టిన ఊరు అన్నీ కలిశాయి. భార్యనూ చిన్న కూతురినీ అక్కడే వదిలేసి వచ్చాడు.

రిపోర్టు రాసి రెండు వారాలు పంపకుండా ఉంచుకున్నాను. చివరికి ఫోన్ చేసి అడిగేశాను.

"ఇది పెట్టుకుని ఏం చేస్తావు సుధాకర్? నిజం చెప్పు."

"మా తాత గుంతకల్లు క్యాంటీన్లో వంట చేసేటోడక్కా. పెండ్లిలో ఆ మాట చెప్తే మామ నవ్వినాడు. అప్పట్నుంచీ కెప్టెన్ కెప్టెన్ అని ఒకటే పాట." జోసెఫ్ వృత్తి ఏమిటో చెప్పాను. "వంటోడా?" అన్నాడు మెల్లగా. "వచ్చే నెల మామకి డెబ్బై నిండుతాయి. అందరూ వస్తారు."

నా అనుమానం గట్టిపడింది. కానీ రిపోర్టులో వాక్యాలు దాచే హక్కు నాకు లేదు. పంపేశాను.

జూన్‌లో అతని మామగారు రాబర్ట్ నన్ను కలవడానికి స్వయంగా వచ్చారు. నిందించడానికే వచ్చారనుకున్నాను. రిజిస్టరు చూపించమన్నారు. ఆ ఇంటూ గుర్తును చాలాసేపు చూశారు.

"సుధాకర్ మీ పుట్టినరోజు పార్టీలో అది చదివి వినిపించాడా?" ఉండబట్టలేక అడిగాను.

"లేదు. అందరూ వెళ్లాక వంటింట్లో నా ఒక్కడికే ఇచ్చాడు. చదివేంతవరకు పక్కనే కూర్చున్నాడు. తర్వాత వాళ్ల తాత గురించి అడిగాను. వాళ్ల పెళ్లయిన ఆరేళ్లలో మొదటిసారి." ఆయన మళ్లీ రిజిస్టరు వైపు తిరిగారు. "జోసెఫ్ వదిలేసిన ఆ చిన్నపిల్ల ఏమైంది? అది తెలుసుకోవాలి."

ఆ పాప పెరిగి టీచరైంది, పెళ్లి చేసుకుంది. ఆమె వంశం ఇంకా ఉంది. వాళ్లకు రాబర్ట్ మొదటి ఉత్తరం రాసినప్పుడు చిరునామా నేనే ఇచ్చాను.

రికార్డులను అనుమానించడం నా వృత్తి. ఒక్క ఆధారంతో ఏ పేరునూ వంశవృక్షంలోకి ఎక్కించను. సుధాకర్‌ని మాత్రం ఫోన్లో విన్న ఒక్క మాటతో పగబట్టినవాడని తేల్చేశాను.