దుబాయి లుంగీ తెరచాప

నేను చెప్పేదాంట్లో సగం కోతలే, ముందే ఒప్పుకుంటున్నాను.

మొన్న వీర్నపల్లి చెరువు దగ్గర ఎండుతున్న బురద వాసన తగలగానే మేనమామ గుర్తొచ్చాడు. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, తెల్లారితే ఆయన దుబాయి పోవాలి. నాకు మాటిచ్చిన పడవ షికారు మిగిలిపోయింది. చెరువులో మోకాలిలోతు నీళ్లు కూడా లేవు. అయినా ఆకాశమంత లుంగీని కర్రకు కట్టి, నన్ను దోనెలో ముందు కూర్చోబెట్టాడు.

“ఎనుకకు జూడకు అల్లుడా, మునుగుతం.”

దోనె దూసుకుపోయింది. తాటిచెట్టంత మొసలి పక్కకు తప్పుకుంది.

“మామా, గాలి మస్తు కొడ్తుంది.”

“అవ్ రా,” అన్నాడు వెనకనుంచి, రొప్పుతూ.

ఒడ్డున దిగి చూస్తే ఆయనకు తొడలదాకా బురద. దిగేటప్పుడు జారిపడ్డాడనుకున్నాను.

మొసలిని నేనే కల్పించాను. ఆ రోజు చెట్టుమీద ఆకు కూడా కదల్లేదు. గాలిని కల్పించింది మామ.