సైరన్ లేని నీళ్లు

చిలకమ్మకి తెలిసినంతలో నీళ్లు చెప్పకుండా రావు. కొండల్లో మాచ్‌ఖండ్ ఆనకట్ట కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. వాననీటి సంగతి కొండమీది మబ్బు చెబుతుంది. ఆనకట్ట నుంచి వదిలే నీటికి ముందు సైరన్ కూస్తుంది. ఆ సైరన్ మోగించేది ఆమె తండ్రి కన్నారావే. చిన్నప్పుడు ఒకసారి దిగువ రాళ్లమధ్య తమ మేక చిక్కుకుంటే ఆమె గేటు దగ్గరికి పరుగెత్తి "నానా, ఆపు!" అని అరిచింది. కన్నారావు తిట్టుకుంటూనే గేటు దించాడు. నీళ్లు ఆగాయి. నీళ్ల వెనకాల ఓ మనిషి ఉంటాడనీ, అరిస్తే వింటాడనీ అప్పటినుంచి ఆమె మనసులో పడిపోయింది.

భర్త ధనుంజయ్ కాంట్రాక్టు పని పోయాక సముద్రపొడ్డున ఒక రొయ్యల చెరువుకి కాపలా వెళ్లాడు. చెరువు ఉప్పుటేటికి అవతల. అతనికి జ్వరమని కబురొస్తే చిలకమ్మ బస్సెక్కింది. పొద్దున్న ఏరు దాటినప్పుడు నీళ్లు మోకాలి లోతే. గుడిసెలో ధనుంజయ్ ఒళ్లు నిప్పులా కాలిపోతోంది.

"ఆటో తెస్తాను, కదలకు" అని మళ్లీ ఏరు దాటింది.

ఆటోతో తిరిగొచ్చేసరికి గట్టు నుంచి గట్టు దాకా నీళ్లే. వాన లేదు. సైరన్ లేదు.

గట్టుమీద గురువమ్మ అనే ముసలామె గుల్లలు ఏరిన బుట్ట దులుపుకుంటోంది.

"పిన్నీ, గేటెవులెత్తేరు?" అంది చిలకమ్మ.

"గేటేటే, నీ మొగం! పోటొచ్చింది. ఏ కొండల్లోంచి దిగేవమ్మీ?" అని ముసలామె నవ్వింది.

"ఆపమని సెప్పు పిన్నీ. మా ఆయన అవతలున్నాడు. జొరం."

గురువమ్మ నవ్వు ఆగిపోయింది. "ఎవులికి సెప్పనే? సముద్రాన్ని లాగుతున్నది సెంద్రుడు. పడవలన్నీ సేపలేటకెళ్లిపోయేయి. నీరు తీసేదాకా కూకోవాల."

చిలకమ్మ తలెత్తింది. మండే ఎండ. "సెంద్రుడేడీ?"

"అమాస కదా, సూర్యుడి పక్కనే ఉన్నాడు. అగుపడకపోతే లేడనా? ఇద్దరూ ఒకే వేపు లాగుతారు, అందుకే ఇయ్యాల పోటెక్కువ."

గురువమ్మ పక్కన కూర్చుని, ఆమె ధ్యాస మళ్లించడానికన్నట్టు మెల్లగా చెప్పుకొచ్చింది. చంద్రుడికి దగ్గరగా ఉన్న వైపు సముద్రం అతని వైపు ఉబ్బుతుందట. దూరంగా ఉన్న వైపు నీటిమీద ఆ లాగుడు తక్కువ, భూమి మీద ఎక్కువ. అందుకని నీళ్లు వెనకబడి అక్కడా ఉబ్బుతాయట. భూమి తిరిగేకొద్దీ ప్రతి రేవూ ఆ రెండు ఉబ్బుల్లోంచీ వెళ్తుంది. అందుకే రోజుకి రెండు పోట్లు. "మా మనవరాలు మనీషా బళ్లో సదివింది. మాకు సదువు లేకపోయినా పోటొచ్చే ఏళెరుక."

చిలకమ్మకి సగమే ఎక్కింది. బతిమాలడానికి అవతల మనిషి లేడన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది. అయినా లేచి ఏటి మీదుగా అరిచింది. "ఏమయ్యో! ఇంటన్నావా?" గుడిసె గుమ్మంలో చెయ్యి ఒకటి లేచింది. ఇంకాసేపటికి మళ్లీ అరిచింది. ఈసారి చెయ్యి లేవలేదు.

నీళ్లు తీస్తూ గుండెల లోతుకి రాగానే ఆమె దిగిపోయింది. "ఆగే, కొట్టుకుపోతావు!" అని గురువమ్మ కేకలేస్తుంటే ఆటోవాడు కూడా వెనకాలే దిగాడు. ఇద్దరూ గుడిసెలోంచి ధనుంజయ్‌ని భుజాలమీద మోసుకొచ్చారు.

ధనుంజయ్ బతికాడు. జ్వరం మెదడుకెక్కి చెవులు పోయాయి. కాస్త ముందు తెస్తే దక్కేవేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' చిలకమ్మతోనే ఉండిపోయింది. అతన్ని వదిలి ఏరు దాటింది తనే.

ఇప్పుడు ఇద్దరూ మాచ్‌ఖండ్‌కి తిరిగొచ్చేశారు. అతన్ని ఒంటరిగా ఏటికి పంపదు. మొన్న సైరన్ కూసింది. బట్టలుతికేవాళ్లంతా మూటలెత్తుకుని పైకెక్కుతున్నారు. ధనుంజయ్ మాత్రం నడుం లోతు నీళ్లలో మొహానికి సబ్బు రాసుకుంటూనే ఉన్నాడు. ఒడ్డున ఉన్న చిలకమ్మ చీర తడుస్తున్నా చూసుకోకుండా దిగి అతని మణికట్టు పట్టుకుంది.

"కూసిందా?" అన్నాడు, గట్టిగా.

తలూపింది. గట్టు ఎక్కాక కూడా చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు.