సత్తిబాబు గారి ‘పర్లేదండి’

2023లో, వానలు వెనకబట్టిన రోజుల్లో జరిగింది ఇది. అప్పటికి నేను రాజమండ్రిలో మెకానిక్ పని తగ్గించుకుని, జనాన్ని బైకు యాత్రలకు పంపే పనిలో పడి నాలుగేళ్లయింది. హిమాలయాల్లో స్పితి, లడఖ్ వైపు బైకుల మీద తీసుకెళ్లే కంపెనీలు అక్కడివాళ్లవే. గైడు, బండ్లు, బస అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఎవరికి ఏ టూరు సరిపోతుందో చూసి చెప్పడం నా పని. నన్ను పెళ్లిళ్ల పేరయ్య అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

వచ్చేవాళ్లందరూ ఫోనులో వీడియో చూపించి ఒకటే అడుగుతారు, “ఇదే రోడ్డాండి? ఇదే బండాండి?” అని. గుంపు చివర ఎవరుంటారని ఒక్కడూ అడగడు. అందరికన్నా వెనక వచ్చేవాణ్ణి స్వీప్ అంటారు. ముందున్న గైడు దారి చూపిస్తాడు, పడినవాణ్ణి స్వీప్ లేపుతాడు. స్వీప్ లేని టూరుకీ, సామానూ ఒళ్లు బాగోలేనివాళ్లనూ ఎక్కించుకునే బ్యాకప్ వాహనం లేని టూరుకీ నేను ఎవర్నీ పంపను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వాదించినవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని “అయితే వీడియోలోనే తిరగండి” అని పంపేశాను కూడా.

సత్తిబాబు గారు అలా వాదించే మనిషి కాదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసిన రైతు. యాభై మూడేళ్లుంటాయి. భార్య పద్మ గారితో కలిసి వచ్చారు. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి ఊరు దాటిందే లేదట. ఎవరో ఒకరు చెరువు గట్టున ఉండాల్సిందే. ఆ సంవత్సరం చెరువులు లీజుకిచ్చేశారు.

“మంచు ముట్టుకోవాలండి నాకు,” అన్నారు పద్మ గారు. “కారెక్కితే వాంతులండి. ఈయన వెనకాల బండి మీదయితే ఎంత దూరమైనా కూచుంటాను.”

సత్తిబాబు గారు టూరు ముందే చూసుకుని వచ్చారు. పన్నెండు బండ్ల గుంపు, రోజంతా ప్రయాణం, ఆకాశమంత ఎత్తున్న అడ్వెంచర్ బైకు. అలాంటి బైకే ఒకటి తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెప్పించి ఆయన్ని కూర్చోబెట్టాను. ఇక్కడ చూడాల్సింది సీట్ హైట్, అంటే నేల నుంచి సీటు ఎంత ఎత్తులో ఉందని.

“కాళ్లు అందుతున్నాయాండి?”

“ఆయ్, పర్లేదండి.”

“వెనక మేడం గారు కూడా ఉంటారు. బరువు ఆగుతుందా?”

“అబ్బే, పర్లేదండి.”

ఆయన కాలివేళ్లు మాత్రమే నేలకు తగులుతున్నాయి. కళ్లతో అది చూశాను, చెవులతో విన్నదే కాగితం మీద రాసుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

భార్యాభర్తలు ఒకే బండి మీద వెళ్తామంటే ముందు ఒకసారి మారేడుమిల్లి ఘాట్ ఎక్కించి చూడడం నా పద్ధతి. ఆ ఎత్తు బైకు మీద వాళ్లిద్దరూ, నా పాత బండి మీద నేనూ పొద్దున్నే బయలుదేరాం. గోకవరంలో అడిగాను, రంపచోడవరంలో టీ దగ్గర అడిగాను. రెండు చోట్లా అదే జవాబు, ఇంకాస్త పెద్ద నవ్వుతో.

మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో ఓ మలుపు దగ్గర ఎదురుగా లారీ దిగింది. సత్తిబాబు గారు బండి ఆపారు. స్వీప్‌గా నేను వెనకే ఉన్నాను కాబట్టి అంతా కళ్లారా చూశాను. ఎడమ కాలు నేల కోసం వెతికింది. రోడ్డు అంచు ఆ పక్కకి జానెడు కిందికుంది. కాలు అందలేదు. బండి మెల్లగా ఒరిగింది. ఇద్దరూ పడ్డారు. పద్మ గారి హెల్మెట్ పిట్టగోడకి ఠప్పున తగిలింది. ఆ గోడ అవతల లోయ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తి లేపాను. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. బండికున్న ఇనప గార్డు ఆవిడ కాలు నలగకుండా కాపాడింది. క్షేమంగా ఉన్నారని తెలియగానే నాకు ఒళ్లు మండిపోయింది.

“అందట్లేదని ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయిందండీ?” అని అరిచాను.

ఆయన తల వంచుకున్నారు. “అంత శ్రమపడి బండి తెప్పించారు కదండీ. బాలేదంటే చిన్నబుచ్చుకుంటారేమోనని...”

మోచేతికి చున్నీ చుట్టుకుంటూ పద్మ గారు నా వైపు తిరిగారు. “ఆయన్నంటారేంటండి? మీరూ ఈ గడ్డ మీద పుట్టినోరే కదా. భోజనానికి కూచున్నోణ్ణి ఇంకాస్త వేయమంటారా అనడిగితే చాలంటాడు. ఆకు చూసి వడ్డించాలి గానీ, నోరు చూసి వడ్డిస్తారాండి?”

చెంప ఛెళ్లుమన్నట్టయింది. నిజమే. పర్లేదంటే సరేనని కాదు. నా కోసం మీరు ఇబ్బంది పడొద్దని. కాఫీ పర్లేదన్నవాడికి కాఫీ తెచ్చి ఇచ్చే ఇళ్లల్లోనే నేనూ పెరిగాను. మొహమాటం భోజనాల దగ్గర మర్యాదే, ఘాట్ రోడ్డు మీద అది మనిషిని లోయలో పడేస్తుంది.

“ఇంక మానేద్దాంలెండి. మా వల్ల మీకు తలనొప్పి,” అన్నారు సత్తిబాబు గారు. పద్మ గారి మొహం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నా పాత బండి తాళం ఆయన చేతిలో పెట్టాను. సీటు బాగా కిందికుంటుంది. “ఒక్కరే పైదాకా వెళ్లి రండి,” అన్నాను. ఆయన వెళ్లిన తీరు చూసి నోరు తెరిచాను. మలుపులో రోడ్డు కొట్టుకుపోయి బురదగా ఉన్న చోట పెద్ద పెద్ద రైడర్లే బ్రేకు కొట్టి జారతారు. ఈయన ఒకే వేగంతో నింపాదిగా దాటేశారు. ఎలాగండీ అంటే, “గట్టు మీద బ్రేకు కొడితే చెరువులోకే కదండీ,” అన్నారు. మనిషిలో లోపం లేదు. లోపం బండి ఎంపికలో ఉంది, నాలో ఉంది.

వేరే టూరు వెతికాను. ఏడు బండ్లు, కిందికున్న సీటు, రోజుకి తక్కువ దూరం, ఎత్తుకి ఒళ్లు అలవాటు పడడానికి మధ్యలో విశ్రాంతి రోజులు. గైడు హిమాచల్ కుర్రవాడు. అతనికి ఫోన్ చేసి, “ఈయన బాగానే ఉందంటే నమ్మకు,” అని చెప్పాను. “మరి బాలేదని నాకెలా తెలుస్తుంది?” అన్నాడు. సూటి ప్రశ్నే. పద్మ గారిని అడిగాను.

“కష్టంగా ఉంటే ఆయనకి నవ్వు ఎక్కువవుద్దండి,” అన్నారావిడ. అదే గైడుకి చెప్పాను. పిచ్చోణ్ణనుకుని ఉంటాడు.

మరుసటి సంవత్సరం జూన్‌లో వెళ్లారు. ఐదో రోజు మధ్యాహ్నం స్పితిలోని కాజా ఊరి నుంచి గైడు ఫోన్. “సార్, మీ పెద్దాయన పొద్దుట్నుంచి ఊరికే నవ్వుతున్నారు. వేలికి ఆక్సీమీటర్ పెడితే అంకె బాగా పడిపోయింది. ఆక్సిజన్ పెట్టి బ్యాకప్ బండిలో కిందికి దించేస్తున్నాం.” మర్నాడే వాళ్లు మంచు కనుమ ఎక్కాలి. కారంటే పడని పద్మ గారు ఆయన పక్కనే ఆ బండిలో కూర్చుని దిగారు.

సాయంత్రం కింది ఊరి ఆసుపత్రిలో ఉండగా నేనే ఫోన్ చేశాను. ఎలా ఉందండీ అన్నాను.

“బాలేదండి,” అన్నారు సత్తిబాబు గారు. “తల పగిలిపోతోంది. భయమేసిందండి.”

హమ్మయ్య అనుకున్నాను. ఒక కస్టమర్ బాలేదంటే సంతోషించడం నా జన్మలో అదే మొదలు. పద్మ గారు ఫోన్ అందుకున్నారు. “మంచు ముట్టుకోలేదండి. పోతే పోయిందిలెండి, మనిషి దక్కాడు,” అన్నారు.

ఇప్పుడు ఏ కొత్త కంపెనీ వచ్చినా రోడ్ల సంగతి, బండ్ల సంగతి తర్వాతే. ముందు గైడుతో మాట్లాడతాను. పోయిన టూరులో ఎవర్ని వెనక్కి దించావు, ఏం చూసి దించావు అని అడుగుతాను. ‘బాలేదని ఎవరూ చెప్పలేదు సార్’ అనేవాడి దగ్గరికి మావాళ్లని పంపను. మావాళ్లు చెప్పరు.