పుల్ల కొద్దీ బూటు

ఊళ్లో పరువు పోగొట్టుకోవడానికి కొందరు అప్పులు చేస్తారు, కొందరు తాగుతారు, కొందరు సర్పంచి ఎన్నికల్లో నిలబడతారు. నేను ఒక్క చీపురు పుల్లతో ఆ పని పూర్తి చేశాను. అదీ పంద్రాగస్టు నాడు, జెండా కింద, మైకులో. ఎట్లా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, మొహమాటం అక్కర్లేదు. మా ఊరివాళ్లు అప్పటి నుంచి నవ్వుతూనే ఉన్నారు, మీరొకరు చేరితే నాకు కొత్తగా వచ్చే నష్టం లేదు.

తొంభైల మొదట్లో సంగతి. కట్టంగూరులో హైవే పక్కన నాదొక దర్జీ దుకాణం. ఒక మిషను, ఒక కత్తెర, మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఆ చెవిని కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. బడిపిల్లల బట్టలు కుట్టడంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరంతా "పెరిగే పిల్లలు" అన్న రెండు మాటల మీద నిలబడింది. లాగు మోకాళ్లు దాటి కిందికి దిగినా, చొక్కా భుజం మోచేతి దాకా జారినా, "పెరిగే పిల్లలు గదా, రెండు వేళ్లు వదులు పెట్టిన" అనేవాణ్ణి. తల్లిదండ్రులు తలూపి తీసుకుపోయేవారు. పిల్లవాడికి ఆ చొక్కా సరిపోయే వేళకు అది చిరిగిపోయేది. మా ఊళ్లో ఒక తరం మొత్తం తన వయసుకు తగిన బట్ట తొడుక్కోకుండానే పెద్దదయింది, దానికి బాధ్యుణ్ణి నేనే.

ఆ ఏడు మా బిడ్డ స్వరూప మూడో తరగతి. పంద్రాగస్టు కవాతులో జెండా పట్టుకొని అందరికన్నా ముందు నడవడానికి దాన్ని ఎంచారు. దాని తమ్ముడు శీను ఒకటో తరగతి. వాణ్ణి ఎవరూ దేనికీ ఎంచలేదు, చివరి వరసలో నిలబెట్టారు. స్వరూప బడి నుంచి ఉరుక్కుంటూ వచ్చి దుకాణంలోనే చెప్పింది.

"నాయినా, ముంగట నడిచేటోళ్లకు నల్లబూట్లు ఉండాల్నంట. లేకుంటే డ్రిల్లు సారు ఎన్క లైన్ల నిలబెడ్తడంట. నా జాగల పటేలు బిడ్డ నడుస్తదంట."

"ఎన్క నడిచినా గదే కవాతు గదా బిడ్డా."

అది నా వైపు చూసింది, అంతే. వారం రోజులుగా ఇంటి ముందు చీపురుకట్టను జెండాలాగా పట్టుకొని అది నడవడం నేను చూస్తూనే ఉన్నాను. "సరే, తెస్త తీ" అన్నాను. ఎలాగూ ఒకరికి తెస్తే ఇంకొకరు ఇల్లు పీకి పందిరేస్తారు కాబట్టి శీనుకూ ఒక జత అనుకున్నాను.

తెస్తానన్నానే గానీ, ఊరి పిల్లలందరి తెల్లచొక్కాలు నా మిషను మీదే ఉన్నాయి. అవన్నీ కుట్టి తల ఎత్తేసరికి పండుగకు ఒక్కరోజే మిగిలింది. పొద్దున బయలుదేరుతుంటే నా భార్య భాగ్యమ్మ పిల్లలిద్దరికీ తల దువ్వి నిలబెట్టింది.

"ఈళ్లను ఎంబడి తీస్కపో. కాళ్లకు తొడిగి సూసి కొను."

"ఇద్దరికి రానుపోను బస్సు కిరాయి. నల్లగొండల దిగంగనే ఒకలు ఐస్‌క్రీం అంటరు, ఒకలు బొమ్మ అంటరు. బూట్లు తొడిగేది కాళ్లకే గదా. కాళ్ల కొలత తీస్కపోతే సాలదా?"

"అయితే మెడల టేపున్నది గదా, దాంతోటి తియ్యి."

"టేపుతోని ఇంచులొస్తయి. బూటు నంబరు లెక్క వేరే ఉంటది. పుల్లయితే బూట్ల పెట్టి సూడొచ్చు. నువ్వు నాకు కొలతలు నేర్పకు."

ఈ చివరి మాట అన్న మగవాడు బాగుపడినట్టు నేను ఇంతవరకు వినలేదు.

వాకిలి ఊడ్చే చీపురు నుంచి రెండు గట్టి పుల్లలు లాగాను. పిల్లలను నిలబెట్టి, మడిమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, రెండు వేళ్లు వదులు పెట్టి కత్తెరతో కత్తిరించాను. "ఏది ఎవరిదో గుర్తు పెట్టు" అంది భాగ్యమ్మ. "పొడుగుది బిడ్డది, పొట్టిది కొడుకుది. గింత దానికి గుర్తెందుకు" అన్నాను. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకొని పోయినవాణ్ణి చూసి లోకం ఇన్నేళ్లుగా నవ్వుతోంది. వాడు నయం. నేను పిల్లలను ఇంట్లో వదిలి, పుల్లలను జేబులో పెట్టుకొని పోయాను.

నల్లగొండ బస్టాండులో దిగాను. పిల్లలకు పెట్టని కిరాయి జేబులో కదులుతోంది. పక్కనే ఒక హోటల్లోంచి బిర్యానీ వాసన వస్తోంది. పొదుపు చేసినవాడు దాని ఫలం కొంచెమైనా అనుభవించాలి కదా. కూర్చున్నాను, తిన్నాను. ఆ మేక నా పెళ్లి నాటిది అయి ఉండాలి. ఒక ముక్క దవడ పళ్ల మధ్య ఇరుక్కొని ఎంత పుక్కిలించినా రాలేదు. జేబులో చెయ్యి పెడితే పుల్ల తగిలింది. బిర్యానీ తిని లేచినవాడి చేతికి పుల్ల తగిలితే ఏం చేస్తాడు? మీరైతే ఏం చేస్తారు? నేనూ అదే చేశాను. ఒక చివర పుటుక్కున విరిచి, పని కానిచ్చి, అలవాటు కొద్దీ ఆ ముక్కను పెన్సిలు పెట్టే చెవి మీద పెట్టుకొని రోడ్డెక్కాను. మిగతా పుల్ల మళ్లీ జేబులోకి పోయింది.

నేను విరిచింది స్వరూప పాదం. అందులోనూ వేళ్ల వైపు. ఆ దెబ్బతో పొడుగు పుల్ల కాస్తా రెండింటిలో పొట్టిదయింది. ఆ సంగతి ఇప్పుడు మీకు తెలుసు, అప్పుడు నాకు తెలియదు.

గడియార స్తంభం దగ్గర సందులో జానీమియా చెప్పుల దుకాణం. ధర తక్కువ, మాట ఎక్కువ.

"పిల్లలు ఏరి భాయ్?"

"ఇంటికాడ ఉన్నరు. కాళ్లు మాత్రం తెచ్చిన" అని పుల్లలు తీసి బల్ల మీద పెట్టాను. "పొడుగుది బిడ్డది. పొట్టిది కొడుకుది."

జానీమియా పొట్టి పుల్లను తిప్పి తిప్పి చూశాడు. "కొడుక్కు నడక వచ్చిందా?"

"ఒకటో తరగతి సదువుతుండు."

"ఒకటో తరగతి పిలగానికి గీ కాలు జర చిన్నగ లేదా?"

"మా ఇంట్ల అందరివి చిన్న కాళ్లే. భాయ్, నేను దర్జీని. ఇరవై ఊర్ల కొలతలు తీసిన. నువ్వు పుల్ల పెట్టి బూటు ఇయ్యి."

"నాకేం ఫికర్ లేదు. కానీ ముందే చెప్తున్న, కింద సోలుకు మట్టి అంటితే మాత్రం వాపసు తీసుకోను."

"వాపసు తెచ్చేటోనివోలె కనవడ్తున్ననా?"

అతను నా మొహం చూశాడు, చెవి చూశాడు. బిడ్డకు పట్టీ బూట్లు, కొడుక్కు లేసుల బూట్లు కట్టి ఇచ్చాడు. పిండి కొద్దీ రొట్టె అంటారు. మా ఇంట్లో పుల్ల కొద్దీ బూటు.

ఇంటికి చేరేసరికి స్వరూప కాళ్లు కడుక్కొని, తెల్ల మేజోళ్లు తొడుక్కొని గడపలో కూర్చొని ఉంది. మధ్యాహ్నం నుంచి అలాగే కూర్చుందట. పట్టీ బూటు తీసి కాలు పెట్టింది. పోలేదు. వేళ్లు ముడుచుకొని మళ్లీ నెట్టింది. మొహం ఎర్రబడింది.

"సరిపోయినయి నాయినా" అంది.

"మడిమంత బయటనే ఉన్నది, సరిపోవుడేంది?" అంది భాగ్యమ్మ.

"రేపొక్కనాడే గదనే అమ్మా. నడుస్త."

శీను లేసుల బూట్లయితే వాడి వేళ్ల దగ్గరే ఆగిపోయాయి. వాడు వాటిని పక్కన పడేసి అక్క పట్టీ బూట్లలో కాళ్లు పెట్టాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి, పైగా రెండు వేళ్లు వదులు. ఎవరైనా ఏమైనా అనేలోగా వాడు వీధిలోకి దూకాడు. ముందురోజే వాన పడింది. ఉన్న బురద గుంటలను ఒక్కటీ వదలకుండా తొక్కి, చూపించాల్సిన వాళ్లందరికీ చూపించి వచ్చాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కాలయితే కడుక్కోవచ్చు. అడుసు తొక్కిన బూటు కడిగినా వాపసు పోదు.

భాగ్యమ్మ చెయ్యి చాపింది. "పుల్లలు తియ్యి."

ఇచ్చాను. పెద్ద పుల్లను శీను కాలికి పెట్టింది, సరిపోయింది. రెండోది స్వరూప కాలికి పెట్టింది. అది వేళ్ల మొదలు దగ్గరే ఆగింది.

"మిగిలిన కాలేది?"

"బస్సుల ఇరిగిందేమో."

"నల్లగొండల ఏం తిన్నవు?"

"ఏం తింట? చాయ్ తాగిన."

"చెవు మీద గదేంది?"

"పెన్సిలు."

"పెన్సిలుకు మసాల అంటిందా?"

దాన్ని తీసి, విరిగిన చివరలు రెండూ కలిపి, స్వరూప కాలి పక్కన పెట్టింది. రెండు వేళ్ల వదులుతో సహా సరిపోయింది. చెప్పాను కదా, నా కొలతకు తిరుగుండదు. "చాయ్ జర గట్టిగున్నట్టున్నది, పండ్లల్ల ఇరికింది" అని భాగ్యమ్మ లోపలికి పోయింది.

స్వరూప ఏడవలేదు. కూర్చొని మెల్లగా మేజోళ్లు విప్పుకుంది. ఏడ్చినా బాగుండేది. నాకు నిజంగా సిగ్గేసింది. మళ్లీ నల్లగొండ పోదామంటే జేబులో ఖాళీ తప్ప ఏమీ లేదు. ఊళ్లో ఎవరినైనా అడుగుదామంటే, బూట్లున్న పిల్లలంతా రేపు వాటిని తొడుక్కొని అదే కవాతులో ఉంటారు.

తెల్లారి బడి మైదానానికి ఊరంతా వచ్చింది. అందరికన్నా ముందు స్వరూప జెండా పట్టుకొని నిలబడింది, వట్టి కాళ్లతో. వెనకాల పటేలు బిడ్డ మెరిసే బూట్లతో సిద్ధంగా ఉంది. డ్రిల్లు సారు మైకు చేత్తో పట్టుకునే స్వరూప దగ్గరికి వచ్చాడు.

"బూట్లేవి?"

"మా నాయిన పండ్లల్ల పెట్టుకున్నడు సార్."

సారు మైకును దాని నోటికి ఇంకా దగ్గరగా పెట్టాడు.

"ఏంది?"

"మా నాయిన బిర్యాని తిన్నడు సార్. నా కాలు ఇరిచి పండ్లల్ల పెట్టుకున్నడు."

మా బిడ్డకు అబద్ధం రాదు. వచ్చిన ఒక్క అబద్ధం ముందురోజే మడిమ దగ్గర పట్టుబడిపోయింది. సారు జరిగిందంతా అడిగాడు, అది పుల్ల నుంచి చెవి దాకా ఏదీ వదలకుండా చెప్పింది, మైకు అదంతా ఊరికి వినిపించింది. సారు నవ్వు దాచుకోవడానికి విజిలు నోట్లో పెట్టుకుంటే, ఆ నవ్వు విజిల్లోంచి ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. కుర్చీలో కూర్చున్న సర్పంచి కండువాతో కళ్లు తుడుచుకుంటూ అన్నాడు.

"సారూ, గా పిల్లను ముంగటనే నడువనియ్యి. తప్పు పిల్లది గాదు. ఎన్క లైన్ల నిలబెట్టాల్నంటే వాళ్ల నాయినను నిలబెట్టు."

డ్రిల్లు సారుకు ఒక గుణం ఉంది. పెద్దవాళ్లు పరాచికానికి అన్న మాటను కూడా ఆజ్ఞలాగే తీసుకుంటాడు. విజిలు ఊది, నా వైపు వేలు చూపించి, చివరి వరస చూపించాడు. ఏం చేస్తాను, పోయి ఒకటో తరగతి పిల్లల మధ్య నిలబడ్డాను. అందరూ నా నడుము దాకా ఉన్నారు. అందరి చొక్కాలూ నేను కుట్టినవే, అన్నీ వదులే. అంత దూరాన, ముందు, స్వరూప తల ఎత్తి నడుస్తోంది. దాని వెనక పటేలు బిడ్డ, ఆ వెనక బడి అంతా, అందరికన్నా వెనక నేను. నా బిడ్డను చూస్తే నాకు గర్వంగా ఉంది, నన్ను చూసి ఊరికి సంబరంగా ఉంది. ఇంతలో పక్కన పట్టీ బూట్లతో నడుస్తున్న శీను నా చెయ్యి లాగాడు.

"నాయినా, కాలు తప్పుతున్నవు. జర కలుపు."

ఆ తర్వాత చాలా కాలం కొలతలకు వచ్చినవాళ్లు, "అన్నా, కొలత తీసేముందు జర నోరు తెరువు" అనేవారు. భాగ్యమ్మ ఇప్పటికీ నేను నల్లగొండ బయలుదేరితే జేబులో రెండు పుల్లలు పెడుతుంది. "ఒకటి కొలతకు, ఒకటి పండ్లకు" అంటుంది.

కాబట్టి, మెడలోని టేపు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. కాళ్లను ఇంట్లో వదిలి ఇక ఏనాడూ బూట్లకు పోను. చెవి మీద పెన్సిలు తప్ప మరొకటి పెట్టను. బిర్యానీ జోలికి పోనని కూడా ప్రమాణం చేయమంది భాగ్యమ్మ. అదీ చేశాను. కాకపోతే దర్జీని కదా, బిగుతుగా ఉంటే చిరుగుతుందని, రెండు వేళ్లు వదులు పెట్టి చేశాను.